విజయవాడ నుంచి ఎత్తిపోతల ఒక్క రోజు బస్సు టూరు: టికెట్ తీసుకునే ముందు నిమిషాల లెక్క అడగండి

మీరు అడిగింది ఇదీ. విజయవాడలో ఒక ట్రావెల్స్ వాళ్లు ఆదివారం గైడుతో బస్సు వేస్తున్నారు. పొద్దున ఆరింటికి బెంజి సర్కిల్‌లో ఎక్కించుకుని ఎత్తిపోతల జలపాతం, నాగార్జునకొండ, అనుపు, నాగార్జున సాగర్ డ్యాం అన్నీ చూపించి రాత్రి తొమ్మిదికి దింపుతామంటున్నారు. మీతో మోకాళ్ల నొప్పులున్న అత్తగారు, మామగారు, పన్నెండేళ్ల పాప, తొమ్మిదేళ్ల బాబు వస్తారు. బస్సెక్కడం మంచిదా, కారు మాట్లాడుకోవడం మంచిదా? అక్కడ మొసళ్లున్నాయట, పిల్లలతో పర్వాలేదా?

బస్సే మంచిదమ్మా. కాకపోతే వాళ్లు చెప్పిన ఆ ప్లానుతో మాత్రం వద్దు. ఎందుకో వివరంగా రాస్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

నాది గుంటూరు. పుట్టి పెరిగింది రెంటచింతల దగ్గర ఒక పల్లెలో. పదహారేళ్లుగా ఈ దారిలో టూరు బస్సుల్లో గైడుగా వెళ్తున్నాను. స్కూలు పిల్లల్ని తీసుకెళ్లాను, కాలనీ సంఘాల వాళ్లను తీసుకెళ్లాను, కార్తీకంలో వనభోజనాలకు బయల్దేరే కుటుంబాలనైతే లెక్కే లేదు. ఇన్నేళ్లలో జనం బాధపడింది ఎక్కువగా ఒక్క విషయంలోనే. చూడాల్సినవన్నీ కాగితం మీద ఉంటాయి, చూసే టైమే ఉండదు.

మీకు చెప్పిన ప్లానే తీసుకుందాం. ఆరు నుంచి తొమ్మిది దాకా పదిహేను గంటలు. విజయవాడ నుంచి సాగర్ సుమారు 180 కిలోమీటర్లు. గుంటూరు, సత్తెనపల్లి, పిడుగురాళ్ల, గురజాల, రెంటచింతల, మాచర్ల మీదుగా దారి. ఫోన్‌లో మ్యాప్ ఎంత తక్కువ చూపించినా నలభై మందితో వెళ్లే బస్సుకు నాలుగున్నర గంటలు పడుతుంది. రానూపోనూ తొమ్మిది గంటలు. టిఫినుకు అరగంట, మధ్యాహ్నం భోజనానికి గంట తీసేయండి. మిగిలింది నాలుగున్నర గంటలు.

ఇందులోంచి నాగార్జునకొండ ఎంత తీసుకుంటుందో చూడండి. కొండ ఇప్పుడు జలాశయం మధ్యలో ఉన్న దీవి. విజయపురి సౌత్ రేవు నుంచి లాంచీలో వెళ్లాలి. వెళ్లడానికి ముప్పావు గంట పైనే, రావడానికి అంతే. దీవి మీద మ్యూజియం, దాని చుట్టూ ఉన్నవి చూడటానికి కనీసం గంట. లాంచీ నిండేదాకా ఆగడం, టికెట్ల క్యూ కలుపుకుంటే మూడు నుంచి మూడున్నర గంటలు దానికే సరి. ఇక మిగిలిన గంటలోనే ఎత్తిపోతల, అనుపు, డ్యాం మూడూ చూపించాలి. అంటే ఎత్తిపోతల దగ్గర మీకు దక్కేది ఇరవై నిమిషాలు. మీ అత్తగారు బస్సు దిగి, నడిచి, రెయిలింగు దాకా చేరేసరికే అందులో సగం అయిపోతుంది.

ఈ లెక్క నాకు ఒక రోజు బాగా తెలిసొచ్చింది. పదకొండేళ్ల కిందట, కార్తీకమాసంలో ఒక ఆదివారం. బస్సు వేసినవాళ్లు ఊళ్లో ఐదు చోట్ల జనాన్ని ఎక్కించుకోవడంతో బయల్దేరడమే గంటంపావు ఆలస్యం. ఎత్తిపోతల దారిలోనే వస్తుంది, సాగర్‌కు 11 కిలోమీటర్ల ఇవతలే. అయినా లాంచీ తప్పిపోతుందని ఆపకుండా వెళ్లిపోయాం. "వచ్చేటప్పుడు చూద్దాం" అని మైకులో చెప్పింది నేనే. రేవు దగ్గర రెండు గంటలు కూర్చోబెట్టారు. కొండ చూసి తిరిగొచ్చి భోజనాలు కానిచ్చేసరికి పొద్దు గుంకింది. కార్తీకంలో ఆరు దాటితే వెలుతురు ఉండదు కదా. ఎత్తిపోతల చేరేటప్పటికి కటిక చీకటి. నలభై మందీ వ్యూ పాయింట్ దగ్గర నిలబడ్డారు. నీటి హోరు చెవులు నిండిపోయేలా వినిపిస్తోంది, కళ్లకు ఏమీ కనిపించలేదు. ఎవరో టార్చి వేశారు, ఆ వెలుగు అవతలి గట్టు దాకా చేరలేదు. తెనాలి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని "హోరు విన్నాంలే నాయనా, బాధపడకు" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తే. ఆ తర్వాత ఏ బస్సుకు ఒప్పుకున్నా నాది ఒకటే షరతు. ఎత్తిపోతల పొద్దున్నే చూపించాలి, అక్కడ గంటన్నర ఆగాలి.

ఇక కారు సంగతి. ఐదుగురు, ఆరుగురికి కారు సుఖమే అనిపిస్తుంది. కానీ మీవారే నడిపితే రోజంతా తొమ్మిది గంటలు స్టీరింగు దగ్గరే. నీళ్లున్న సీజన్లో ఆదివారాలు కారు చాలా దూరంలో పెట్టి నడవాల్సి రావచ్చు. అన్నిటికంటే ముఖ్యం, దారి చెప్పే మనిషి ఉండడు. పల్నాడు దారిలో చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. పిడుగురాళ్లలో సున్నం బట్టీలు, రోడ్డు పక్కన పలకలు పలకలుగా పేర్చిన నాపరాళ్లు, పొలాల గట్లకు కూడా ఆ రాళ్లే. మాచర్లలో చెన్నకేశవస్వామి గుడి, బ్రహ్మనాయుడి కథ. అన్నీ కిటికీలోంచే కనిపిస్తాయి, ఎవరైనా చూపిస్తే.

మంచి గైడు మాచర్లలో మీ పిల్లలకు తప్పకుండా చూపించాల్సింది ఒకటుంది. ఊరి పక్కన పారే చంద్రవంక వాగు. ఎత్తిపోతలలో దూకేది ఈ వాగే. దీనితో నక్కల వాగు, తుమ్మల వాగు కలుస్తాయి. మాచర్లలో నెమ్మదిగా పారే నీళ్లను చూసి, కాసేపటి తర్వాత అవే నీళ్లు దాదాపు 70 అడుగుల ఎత్తు నుంచి పడటం చూస్తే పిల్లలకు జలపాతం అంటే ఏమిటో పుస్తకం అక్కర్లేకుండా అర్థమవుతుంది. కింద గుండంలో పడ్డ నీరు అక్కడి నుంచి సుమారు మూడు కిలోమీటర్లు లోయలో పారి కృష్ణలో కలుస్తుంది. సాగర్ డ్యాంకు దిగువన కలుస్తుంది కాబట్టి పులిచింతల మీదుగా మీ ప్రకాశం బ్యారేజీకే వచ్చి చేరుతుంది. బాబుకు ఈ మాట అక్కడే చెప్పండి, రోజూ చూసే బ్యారేజీ కాబట్టి ఎప్పటికీ మరిచిపోడు.

ఎప్పుడు వెళ్తారో మీరు రాయలేదు. ఎండాకాలంలో మాత్రం వద్దు. మా రెంటచింతల ఎండలు ఎలాంటివో రాష్ట్రమంతా తెలుసు, పెద్దవాళ్లతో ఆ సాహసం చేయకండి. వానలు మొదలయ్యాక ఆగస్టు నుంచి డిసెంబరు దాకా మంచి కాలం. సాగర్ కాలువల నుంచి కూడా నీరు చేరుతుంది కాబట్టి వానలు ఆగినా కొన్నాళ్లు ధార సన్నబడదు. పెద్ద వాన పడిన మర్నాడే పరుగెత్తుకెళ్తే నీళ్లు ఎర్రగా, బురదగా ఉంటాయి. హోరు గొప్పగా ఉంటుంది గానీ ధారలు విడివిడిగా కనిపించవు. వారం పది రోజులు ఆగి వెళ్తే నీరు తేరుకుని రాళ్ల మీద నుంచి పాయలు పాయలుగా, తెల్లగా దిగుతుంది. నాకు ఆ రోజులే ఇష్టం. సాగర్ గేట్లు ఎత్తారని టీవీలో చూపించిన ఆదివారం మటుకు వెళ్లకండి. రెండు రాష్ట్రాల జనం ఒకే రోడ్డు మీద ఉంటారు, బస్సు మాచర్ల దాటాక పాకడమే. కార్తీకంలో ఆదివారాలూ, సోమవారాలూ కూడా రద్దీయే. మీకు కుదిరితే శనివారం బస్సు చూసుకోండి. నాగార్జునకొండ మ్యూజియం శుక్రవారం మూసి ఉంటుంది. కొండ కోసం వెళ్లేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

మొసళ్ల గురించి. ఉన్నాయి, కింద గుండంలో. అక్కడ మొసళ్ల పెంపకం కేంద్రం ఉంది. మీరు నిలబడేది లోయకు ఇవతల, ఎత్తున కట్టిన వ్యూ పాయింట్ దగ్గర. కాబట్టి వాటి భయం అక్కర్లేదు. నీళ్లలోకి దిగకూడదు, స్నానాలు కుదరవు అని ఇంట్లోనే పిల్లలకు చెప్పి తీసుకురండి. లేకపోతే అక్కడికొచ్చాక బట్టలు తెచ్చుకున్నామని ఏడుస్తారు. నాకు టెన్షన్ పెట్టేది మొసళ్లు కావు, ఫోన్లు. ఫొటో కోసం రెయిలింగు మీదకి వంగేవాళ్లను, పిల్లల్ని గోడ మీద కూర్చోబెట్టేవాళ్లను ప్రతి ట్రిప్పులోనూ వెనక్కి లాగుతూనే ఉంటాను. బాబు చెయ్యి మీ ఇద్దరిలో ఒకరు వదలకండి. కోతులున్నాయి, చేతిలో తినే వస్తువు కనిపిస్తే లాక్కుపోతాయి. సంచీలు జిప్పు వేసి పట్టుకోండి.

మీ అత్తగారి మోకాళ్ల విషయానికొస్తే, జలపాతం చూడటానికి కిందికి దిగాల్సిన పని లేదు. పై నుంచే నిండుగా కనిపిస్తుంది. కిందికి మెట్లున్నాయి, దత్తాత్రేయస్వామి, రంగనాథస్వామి గుళ్లున్నాయి. మెట్లు దిగడం తేలికే, ఎక్కేటప్పుడు ఆవిడకు చాలా కష్టం. తడిస్తే జారతాయి కూడా. మామగారు, పిల్లలు వెళ్లొస్తే ఆవిడ దగ్గర మీరు పైనే ఉండండి. ఒక మడత కుర్చీ బస్సు డిక్కీలో వేసుకుంటే ఎంత ఉపయోగమో చెప్పలేను. గుడి దాకా వెళ్లలేకపోయానని పెద్దవాళ్లు మనసులో పెట్టుకుంటారు. "పై నుంచి దణ్ణం పెట్టుకుందాం అత్తయ్యా" అని మీరే ముందు అనండి.

నాగార్జునకొండ ఈసారికి వదిలేయమని నా సలహా. అది చిన్నచూపుతో అంటున్నది కాదమ్మా. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఆ లోయలోనే ఉండేది. డ్యాం కడితే లోయంతా మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపారు. దొరికిన శిల్పాలను, కొన్ని కట్టడాలను కొండ మీదికి చేర్చారు. నీళ్లు నిండాక ఆ కొండే దీవి అయింది. అంత పెద్ద కథను మూడు గంటల్లో పరుగులు పెడుతూ చూడటం నాకు ఇష్టం లేదు. పైగా లాంచీ ఎక్కడం, దిగడం, రేవు నుంచి మ్యూజియం దాకా నడవడం మోకాళ్ల నొప్పులవాళ్లకు అంత సులువు కాదు. గాలి ఎక్కువైనా, వాతావరణం బాగాలేకపోయినా లాంచీలు ఆపేస్తారు. ఆ రోజు ప్లాను మొత్తం రేవు దగ్గరే ఆగిపోతుంది. పాపకు చరిత్ర ఇష్టమైతే ఒక రాత్రి సాగర్‌లో ఉండేలా ఇంకోసారి తీసుకెళ్లండి.

దాని బదులు అనుపు చూడండి. లోయలోంచి తీసిన కట్టడాలే కొన్ని ఇక్కడ ఒడ్డున తిరిగి నిలబెట్టారు. బస్సు అక్కడిదాకా వెళ్తుంది, లాంచీ అక్కర్లేదు. బౌద్ధ విహారం పునాదులు, నాలుగు వైపులా రాతి మెట్లున్న రంగస్థలం ఉన్నాయి. పిల్లల్ని పై మెట్టు మీద కూర్చోబెట్టి మీరు మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టండి, ఎంత స్పష్టంగా వినిపిస్తుందో వాళ్లే చెప్తారు. నీడ తక్కువ. అందుకే అక్కడికి మధ్యాహ్నం రెండున్నర, మూడు దాటాకే వెళ్లాలి.

డ్యాం విషయంలో చాలామంది నిరాశపడతారు. డ్యాం పైకి మామూలు జనాన్ని వదలరు, కాపలా ఉంటుంది. దిగువ వంతెన వైపు నుంచి చూడాలి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యాం ఇది, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎత్తు 124 మీటర్లు, గేట్లు 26. మీ మామగారి తరానికి ఇది మాటల్లో చెప్పలేని సంగతి. మా నాన్న ప్రతిసారీ ఆ గేట్లను లెక్కపెట్టేవాడు. కుడి కాలువ నీళ్లు రాకముందు మా మెట్ట భూములు ఎలా ఉండేవో ఆయనకు తెలుసు. గైడు పదిహేను నిమిషాలిచ్చినా చాలు, ఆ కాసేపూ మామగారి పక్కన నిలబడి ఆయన చెప్పేది వినమని పిల్లలకు చెప్పండి.

నేనైతే రోజును ఇలా నడుపుతాను. విజయవాడలో ఐదింటికి బయల్దేరి, గుంటూరులో ఒక్క చోట మాత్రమే జనాన్ని ఎక్కించుకుని, సత్తెనపల్లి దగ్గర టిఫిను. పదింటికల్లా ఎత్తిపోతల. పదకొండున్నర దాకా అక్కడే. పన్నెండున్నరకు సాగర్‌లో భోజనం, కాసేపు విశ్రాంతి, డ్యాం చూసుకుని రెండున్నరకు అనుపు. నాలుగింటికి తిరుగు ప్రయాణం. దారిలో ఒక టీ, విజయవాడ తొమ్మిదిలోపే. రోజుకు మూడు చోట్లే, కానీ ప్రతి చోటా కూర్చుని చూసినట్టుంటుంది.

బస్సు వాళ్లను అడగాల్సినవి కొన్నున్నాయి. డ్రైవర్లు ఎంతమంది అని మొదట అడగండి. మామూలుగా డ్రైవరు రోజుకు ఎనిమిది గంటలకు మించి పని చేయకూడదు. తొమ్మిది గంటల డ్రైవింగు ఉన్న టూరుకు ఒక్కడే డ్రైవరంటే, రాత్రి ఏడు దాటాక మీ ప్రాణాలు ఒక అలసిపోయిన మనిషి చేతిలో ఉన్నట్టు. ఈ ఒక్క విషయంలో మొహమాటపడొద్దు, ఇద్దరు లేకపోతే ఎక్కొద్దు. బస్సుకు పసుపు నంబరు బోర్డు ఉండాలి. గైడు విజయవాడ నుంచే బస్సులో వస్తాడా, సాగర్‌లో ఎక్కుతాడా అన్నది అడగండి. సాగర్‌లో ఎక్కేవాడికి మీ బస్సులో ఎవరికి మోకాళ్ల నొప్పులో, ఎవరికి వాంతులో తెలియదు. దిగిన ప్రతిచోటా తిరిగి ఎక్కేటప్పుడు తలలు లెక్కపెట్టేవాడే గైడు. ఇంకో మాట, జలపాతం ముందు మైకులో ఆగకుండా మాట్లాడే గైడు నాకు నచ్చడు. చెప్పాల్సింది బస్సులోనే చెప్పేసి, అక్కడ జనాన్ని నీళ్ల చప్పుడుకు వదిలేయాలి.

బాత్రూముల సంగతి ఎవరూ ముందు అడగరు, మధ్యలో ఆడవాళ్లే ఇబ్బంది పడతారు. ఎక్కడెక్కడ ఆపుతారో, అక్కడ శుభ్రంగా ఉంటుందో లేదో ఫోన్‌లోనే అడగండి. షుగరున్న పెద్దవాళ్లకు రెండు గంటలకొకసారి ఆపాల్సిందే. బస్సు ఆపరని నీళ్లు తాగడం మానేస్తారు, దానివల్లే కళ్లు తిరుగుతాయి.

సీట్ల దగ్గర కూడా జాగ్రత్త. అత్తగారికి మొదటి వరస ఇస్తామంటారు, మర్యాద కోసం. కొన్ని బస్సుల్లో అక్కడ ముందు అడ్డుగోడ వల్ల కాళ్లు చాపుకోవడానికి ఉండదు. రెండో, మూడో వరసలో నడిచే దారి పక్క సీటు అడగండి. పిల్లలకు కడుపులో తిప్పే అలవాటుంటే వెనక సీట్లు వద్దు, పొద్దున పూరీలు వద్దు, ఇడ్లీ చాలు.

భోజనం ట్రావెల్స్ వాళ్లు పెట్టినా పులిహోర, పెరుగన్నం కట్టుకురండి. రద్దీ రోజుల్లో హోటళ్ల దగ్గర గంట నిలబడాలి. పిల్లలు ఆగలేరు, మాత్రలు వేసుకునే పెద్దవాళ్లు అసలే ఆగలేరు. తిన్నాక ఆకులూ కవర్లూ మళ్లీ సంచీలోనే వేసుకోండి. గాలికి ఎగిరినవన్నీ ఆ లోయలోకే పోతాయి, తీసేవాళ్లుండరు. పదహారేళ్లుగా అవి చూస్తూ నా మనసు బాధపడుతూనే ఉంది.

ఇంట్లో బైనాక్యులర్స్ ఉంటే తప్పకుండా పెట్టుకోండి. చలికాలం పొద్దున మొసళ్లు ఒళ్లు వెచ్చబడటానికి నీళ్లలోంచి రాళ్ల మీదికొస్తాయి. మొదట చూస్తే ఎండిన దుంగల్లా ఉంటాయి, కదలవు. ఒక్కొక్కటిగా వెతికి లెక్కపెట్టమని పాపకూ, బాబుకూ పందెం పెట్టండి. అరగంట ఇట్టే గడుస్తుంది, ఆ అరగంటా మీ అత్తగారు నింపాదిగా కూర్చుని జలపాతం చూసుకుంటారు.

ఈ రోజే ఆ ట్రావెల్స్ వాళ్లకు ఫోన్ చేసి, కొండ లేకుండా వెళ్లే బస్సుందా, ఎత్తిపోతల ఎన్నింటికి, అక్కడ ఎన్ని నిమిషాలు ఆపుతారు అని అడగండి. "పదింటికి, గంటన్నర" అంటే మీ అందరికీ టికెట్లు తీసుకోండి. "వచ్చేటప్పుడు చూద్దాంలెండి" అంటే ఇంకో బస్సు వెతుక్కోండి. దొరక్కపోతే మీ అపార్టుమెంటులో ఓ ముప్ఫై మందిని పోగుచేసి బస్సు మీరే మాట్లాడుకోండి. అప్పుడు టైమింగులన్నీ మీ చేతిలోనే ఉంటాయి.